ఇరువది యక్షరముల ఎల్ల: ప్రోటీను లిపి విస్తరణ చరిత్ర

కొత్తకోట, అమరచింత, గద్వాల మొదలగు ఊళ్ల మగ్గములపై నేయబడు గద్వాల చీర రెండు జాతుల నూలుతో కూడినది. నడిమి భాగము ప్రత్తి; అంచును కొంగును పట్టు. ఈ రెండు భాగములను నేతలోనే పోగుతో పోగు పెనవేసి కలుపుట ఆ చీరకు గుర్తు. కంటికి రెండును దారములే యైనను రసాయనశాస్త్రదృష్టికి అవి వేర్వేరు పదార్థములు. ప్రత్తి చక్కెర అణువుల గొలుసు. పట్టు అమైనో ఆమ్లముల గొలుసు, అనగా ప్రోటీను. పట్టుపురుగు తన దారమును నూటికి ఎనుబది పాళ్లకు మించి గ్లైసీన్, అలనీన్, సెరీన్ అను మూడు ఆమ్లములతోనే కూర్చును. ప్రత్తికి పట్టిన రంగు పట్టునకు పట్టకపోవుటకును, పట్టునకు పట్టినది ప్రత్తికి పట్టకపోవుటకును ఈ భేదమే మూలము.

జీవకోటి ప్రోటీనులన్నియు ఇరువది అమైనో ఆమ్లములతో కూర్పబడినవని పాఠ్యగ్రంథములు చెప్పును. ఈ ఇరువదికి వెలుపలనున్న ఆమ్లములను కూడ జీవకణముచేతనే ప్రోటీనులలో కూర్పించు యత్నము ఇరువదవ శతాబ్ది నడుమ మొదలై 2001 నాటికి ఫలించినది. ఈ చరిత్రను చెప్పువారు సాధారణముగా దానిని మానవుడు ప్రకృతి గోడను కూల్చిన కథగా చెప్పుదురు. అట్లు చెప్పుట సగము చరిత్రను విడుచుటయని ఈ వ్యాసమున నిరూపింపదలచితిని. ఇరువది యను ఎల్ల గోడ కాదు. అది కణము అనుక్షణము కాచుచున్న కావలి. ఆ కావలి మర్మము తెలిసినవారికే ద్వారము తెరచుట సాధ్యమైనది. ఆ మర్మమును విప్పినవారిలో మన హైదరాబాదు శాస్త్రజ్ఞులును కలరు. విడువబడిన ఆ సగమునందే వీరి కృషి చేరియున్నది.

తెలుగు పరిశోధకులకు దీనితో పనియేమి యను ప్రశ్న కలుగవచ్చును. అక్షరము, పదము, విరామము, అనువాదము, పరిష్కరణము అను మాటలనన్నిటిని ఈ శాస్త్రము భాషాధ్యయనమునుండియే ఎరువు తెచ్చుకొన్నది. ఎరువు సొమ్ము ఎట్లు వాడబడినదో చూచు అధికారము సొంతదారులకు ఉండనే యున్నది.

1. ఇరువదిని లెక్కించిన విధము

అమైనో ఆమ్లములలో మొట్టమొదట దొరకినది ఆస్పరజీన్. 1806లో ఫ్రాన్సు దేశమున వోక్లాన్, రొబికే అను రసాయనవేత్తలు ఆస్పరాగస్ మొక్క రసమునుండి దీనిని వేరుచేసిరి. 1820లో బ్రాకొన్నో జెలటీనునుండి గ్లైసీనును పొందెను. నేడు ఇరువదిగా ఎన్నబడు వానిలో కడపటిదైన త్రియొనీన్‌ను 1935లో అమెరికాలో విలియం రోజ్ కనుగొనెను. ఈ వర్ణమాల పూర్తియగుటకు నూట ఇరువది తొమ్మిది సంవత్సరములు పట్టినది.

ఇరువది యను లెక్క ప్రయోగశాలలో ఒకనాడు బయల్పడినది కాదు. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణము ప్రకటితమైన పిమ్మట భౌతికశాస్త్రవేత్త గామోవ్ తన ఊహలతో ఒక లేఖ వ్రాసెను. దానిని చదివిన వాట్సన్, క్రిక్ అనువారు కేంబ్రిడ్జిలో కూర్చుండి, ఏ ఆమ్లములను మూలపట్టికలో చేర్పవలెను, ఏవి విడువవలెను అని విచారించి తమ పట్టికను సిద్ధముచేసిరి. ఉదాహరణకు, చర్మమునందును ఎముకలయందును ఉండు కొలాజెన్ ప్రోటీనులో హైడ్రాక్సీప్రోలీన్ పుష్కలముగా కలదు. అయినను అది పట్టికకు ఎక్కలేదు. గొలుసు కూర్చబడిన తరువాత ప్రోలీన్ మార్పుచెంది అది ఏర్పడునని తరువాతి పరిశోధన కూడ స్థిరపరచినది. ఒక తాళపత్రగ్రంథమును పరిష్కరించువాడు మూలపాఠమును, లేఖకుడు పిమ్మట చేర్చినదానిని విడదీయునట్లు ఈ పట్టిక తయారైనది. పరిష్కర్తల నిర్ణయము చాలవరకు సరియైనదే. కాని సంపూర్ణము కాదని ముందు చూడగలము.

2. చదువు నియమము

డి.ఎన్.ఏ.లో నాలుగే అక్షరములు. వానిని మూడేసి చొప్పున కూర్చినచో అరువదినాలుగు పదములు ఏర్పడును. వీనికి కోడానులని పేరు. 1961లో నీరెన్‌బర్గ్, మత్తయి అనువారు ఒకే అక్షరము పలుమారులు వచ్చు ఆర్.ఎన్.ఏ.ను తయారుచేసి, దానినుండి ఫెనైల్ అలనీన్ గొలుసు మాత్రమే పుట్టుటను గమనించిరి. ఇట్లు మొదటి పదమునకు అర్థము తెలిసినది. 1966 నాటికి నిఘంటువు ముగిసినది. అరువదియొక్క పదములు ఇరువది ఆమ్లములకు చెందినవి. మూడు పదములు విరామచిహ్నములు. నీరెన్‌బర్గ్, హరగోవింద ఖొరానా, హోలీ అనువారు 1968లో ఈ కృషికి నోబెల్ బహుమతి నందిరి.

నిఘంటువు ఉన్నంతమాత్రాన చదువు జరుగదు, చదువరి కావలెను. ఆమ్లమునకును కోడానునకును స్వతస్సిద్ధమైన పోలిక యేదియు లేదు. వానిని కలుపు దుబాసి వాహక ఆర్.ఎన్.ఏ. అను చిన్న అణువు. దాని యొక కొన కోడానును గుర్తించును. మఱొక కొనను ఆమ్లము అంటియుండును. ఇట్టి దుబాసి ఉండవలెనని క్రిక్ 1955లో ఊహించెను. కొలది యేండ్లలోనే జామెక్నిక్, హోగ్లండ్ అనువారు దానిని కనుగొనిరి. తగిన ఆమ్లమును తగిన దుబాసికి అంటించు పని సింథటేజ్ అను ఎంజైములది. పిమ్మట రైబోసోము అను యంత్రము వరుసగా ఆమ్లములను గొలుసుకట్టును.

ఇందెవరిది నిజమైన బాధ్యత? ఈ ప్రశ్నకు 1962లో షాప్‌విల్ మొదలగువారు చేసిన ప్రయోగము జవాబిచ్చినది. వారు సిస్టీన్ అంటియున్న దుబాసిని గ్రహించి, రసాయనక్రియచే ఆ సిస్టీన్‌ను అలనీన్‌గా మార్చిరి. దుబాసి మాత్రము మారలేదు. రైబోసోము ఏమాత్రము సందేహింపక సిస్టీన్ ఉండవలసిన చోటులందు అలనీన్‌ను చేర్చినది. అనగా రైబోసోము దుబాసిని నమ్మును; దుబాసి మోసికొనివచ్చిన దానిని పరిశీలింపదు. భాష యొక్క సాధుత్వమంతయు అంతకుముందు మెట్టునందే, ఆమ్లమును దుబాసికి అంటించు చోటనే, కాపాడబడవలసి యున్నది. ఎల్లను దాటదలచిన వారికి త్రోవ ఎక్కడనున్నదో ఈ ప్రయోగము చూపినది.

3. తొలి అతిక్రమణము

దీనికి అయిదేండ్లు ముందుగనే, 1957లో, కౌవీ, కోహెన్ అనువారు ఇ. కోలై అను సూక్ష్మజీవికి గంధకముగల మెథియొనీన్‌కు బదులుగా సెలీనియముగల మెథియొనీన్‌ను ఆహారముగా నిచ్చిరి. కణము తేడాను కనిపెట్టలేక దానిని ప్రోటీనులలో చేర్చుకొన్నది. అట్టి ప్రోటీనులు పనియు చేసినవి. కణము కావలికి గల సందు ఇట్లు మొదటిసారి బయటపడినది.

ఈ పద్ధతిని విస్తరణమని చెప్పరాదు. ఇది ఆదేశమే, వ్యాకరణపరిభాషలో ఒకదాని స్థానమున మఱొకటి వచ్చుట. మెథియొనీన్ వచ్చు చోటులన్నిటను సెలీనియము వచ్చినది. వర్ణమాలలోని అక్షరముల సంఖ్య పెరుగలేదు. ఆగమము, అనగా ఉన్నవానిని తొలగింపక కొత్తదానిని కోరిన ఒక్కచోటనే చేర్చుట, అంతకంటె కష్టతరమైనది. ఆదేశమునకును ఆగమమునకును నడుమ నలువదినాలుగేండ్ల కృషి కలదు.

4. కావలి

ఆ కష్టమెట్టిదో తెలియుటకు కావలిని గూర్చి చెప్పవలెను. 1966లో బాల్డ్విన్, బెర్గ్ అనువారు ఐసోల్యూసీన్ సింథటేజ్ ఎంజైము పొరపాటున వేలీన్‌ను చేపట్టినను, దుబాసి సమక్షమున దానిని విడగొట్టి పారవేయునని చూపిరి. ఎంజైము వ్రాయుటయే కాక అచ్చుతప్పులను దిద్దుచున్నదన్నమాట.

మఱొక తప్పు ఇంకను సూక్ష్మమైనది. గ్లైసీన్ తప్ప తక్కిన ఆమ్లములన్నిటికి అద్దములో ప్రతిబింబమువంటి జంటరూపము కలదు. ప్రోటీనులలో ఎల్ రూపము మాత్రమే చేరును. డి రూపము చేరదు. డి రూపములు కణమున లేకపోలేదు. సూక్ష్మజీవుల కణకుడ్యములలో డి-అలనీన్ ఉన్నది. కొన్ని సింథటేజులు పొరపాటున డి రూపమును దుబాసికి అంటించును. అట్టి తప్పును తుడిచివేయు ప్రత్యేకమైన ఎంజైము ఒకటి కలదని 1967లో కాలెండర్, బెర్గ్ అనువారు కనుగొనిరి. దానికి నేడు డి.టి.డి. అని సంక్షేపనామము. ఈ ఎంజైము ఎల్ రూపమును ముట్టక డి రూపమును మాత్రమే ఎట్లు గుర్తించును? కనుగొని నాలుగు దశాబ్దములు గడచినను ఈ ప్రశ్న తీరలేదు.

దీనిని తీర్చిన పరిశోధన హైదరాబాదులో జరిగినది. 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున స్థాపింపబడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందు రాజన్ శంకరనారాయణన్, ఆయన శిష్యులు దిద్దుబాటు ఎంజైముల నిర్మాణమును స్ఫటికముల సాయమున పరిశీలించిరి. అర్కియా యను సూక్ష్మజీవులలో త్రియొనీన్ సింథటేజ్‌కు ఈ డి.టి.డి.ని పోలిన భాగ మొకటి అతికియున్నదని 2005లో వారు చూపిరి. 2013లో డి.టి.డి. పనిచేయు విధమునే వెల్లడించిరి. వారి నిర్ణయమిది: ఈ కావలివాడు డి రూపమును వెదకి పట్టుకొనుట లేదు. ఎల్ రూపపు పక్కకొమ్మ లోనికి రాకుండ ద్వారమున అడ్డు నిలుపును. అడ్డు తగులని దానినెల్ల లోనికి తీసికొని తుడిచివేయును.

ఈ ఏర్పాటునకు ఒక చిక్కు కలదు. గ్లైసీన్‌కు పక్కకొమ్మయే లేదు. కావున దానికి అడ్డు తగులదు. నిర్దోషియైన గ్లైసీన్ కూడ ఈ ద్వారమున తుడిచివేయబడవలసినదే. దుబాసిని రైబోసోమునకు చేర్చు ఇ.ఎఫ్.-టి.యు. అను వేఱొక ప్రోటీను గ్లైసీన్ దుబాసిని ఆవరించి కాపాడునని 2016లో ఆ బృందమే తెలిపినది. పట్టులో సుమారు సగభాగము గ్లైసీన్ అని తలచినచో, ఇట్టి రక్షణ ఎంత అవసరమో బోధపడగలదు.

5. ప్రకృతి స్వయముగా చేసిన ఆగమములు

ఇరువది దాటరాని ఎల్ల కాదని ప్రకృతియే ముందు చూపినది. 1986లో స్కాట్లండు, జర్మనీ శాస్త్రజ్ఞులు వేర్వేరుగా, యు.జి.ఏ. అను విరామపదము కొన్నిచోట్ల సెలెనోసిస్టీన్ అను ఆమ్లముగా చదువబడుచున్నదని కనుగొనిరి. మానవశరీరమునందు ఇట్టి ప్రోటీనులను నిర్మించు జన్యువులు ఇరువదియైదు కలవు. 2002లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున క్రిజికి, చాన్ అనువారి బృందములు మీథేన్ వాయువును పుట్టించు సూక్ష్మజీవిలో యు.ఏ.జి. అను విరామపదము పైరోలైసీన్‌గా చదువబడుటను గుర్తించినవి. ఇవి ఇరువదియొకటవ, ఇరువదిరెండవ అక్షరములు. 1953 నాటి పరిష్కర్తల కంటికి ఇవి దొరకలేదు.

ఈ రెండింటిలోను ప్రకృతి ఒకే ఉపాయమును పన్నినది: కొత్తపదమును సృజింపక విరామపదమునకు కొత్త అర్థమునిచ్చినది. మన లిపిచరిత్రతో పోల్చినచో భేదము స్పష్టమగును. తెలుగువారు దంత్య చకార జకారములను వ్రాయవలసివచ్చినపుడు పాత అక్షరమునకు ఒక గుర్తు చేర్చి ౘ, ౙ లను కల్పించుకొనిరి. కాగితముమీద గుర్తునకు కరవు లేదు. కణమునకు అట్టి వెసులుబాటు లేదు. అరువదినాలుగు పదములును ఇదివరకే నియోగింపబడినవి. కావున తక్కువగా వాడబడు పదమును విడిపించి దానికి కొత్త పని నప్పగింపవలసి యుండును.

6. మానవుడు చేసిన ఆగమము

పీటర్ షుల్ట్‌జ్ బృందము కాలిఫోర్నియాలో ఈ ఉపాయమునే అనుసరించినది. 1989లో వారు అసాధారణ ఆమ్లమును దుబాసికి రసాయనపద్ధతిచే తామే అంటించి, కణమునకు వెలుపల, పరీక్షనాళికలో, విరామపదమున్న చోట దానిని ప్రోటీనులో చేర్పించిరి. షాప్‌విల్ నేర్పిన పాఠము ఇచ్చట ఫలించినది. కాని దుబాసి ఒక్కసారి మాత్రమే పనికివచ్చును. మరల ఆమ్లమును చేతితోనే అంటింపవలెను. కణమే ఆ పని చేయవలెనన్నచో దానికి కొత్త దుబాసియు, కొత్త సింథటేజును కావలెను. ఈ కొత్త జంట పాత ఇరువది జంటలతో కలిసిపోరాదు. పాతవి దీనిని ముట్టరాదు. 1998లో ఫుర్టర్ ఈస్టునుండి తెచ్చిన జంటతో ఇ. కోలైలో ఫ్లోరిన్ గల ఫెనైల్ అలనీన్‌ను చేర్పించెను; కాని కలగలుపు పూర్తిగా పోలేదు.

2001లో లెయ్ వాంగ్, షుల్ట్‌జ్ మొదలగువారు సముద్రగర్భపు వేడినీటి బుగ్గలలో జీవించు మెథనోకాకస్ జన్నాషీ అను అర్కియానుండి టైరొసీన్ జంటను తెచ్చిరి. ఆ సింథటేజ్‌లో ఆమ్లము కూర్చుండు చోటును అసంఖ్యాకమైన రీతుల మార్చి, ఆ రూపములను రెండు పరీక్షలకు గురిచేసిరి. కొత్త ఆమ్లము ఉన్నపుడు విరామపదమును దాటగలిగినచో కణము విషౌషధమును తట్టుకొని బ్రదుకును. ఇది మొదటి పరీక్ష. కొత్త ఆమ్లము లేనపుడును దాటినచో, అనగా పాత ఆమ్లమును చేర్చుకొన్నచో, ఆ రూపము త్రోసివేయబడును. ఇది రెండవ పరీక్ష. రెండింటిలోను నెగ్గిన సింథటేజ్ ఓ-మిథైల్ టైరొసీన్‌ను, దానిని మాత్రమే, చేర్చినది. మొదటి పరీక్ష ద్వారము తెరచుటకు. రెండవది కావలి నిలుపుటకు. కావలిని తొలగించి కాక, కొత్తదానికి తగిన కొత్త కావలిని నియమించియే వారు నెగ్గిరి. అటుపిమ్మట రెండువందలకు మించిన అసాధారణ ఆమ్లములు వివిధజీవుల ప్రోటీనులలో చేర్పబడినవి.

తరువాతి మెట్టు పదములను విడిపించుట. 2013లో చర్చ్, ఐజక్స్ బృందములు ఇ. కోలై జన్యుసముదాయమున 321 చోట్లనున్న యు.ఏ.జి. విరామములను మఱొక విరామముగా మార్చినవి. 2019లో కేంబ్రిడ్జిలో జేసన్ చిన్ బృందము 18,214 కోడానులను మార్చి, అరువదియొక్క పదములతోనే బ్రదుకు ఇ. కోలైను నిర్మించినది. 2021లో విడుదలయైన మూడు పదములకు మూడు కొత్త ఆమ్లములను నియోగించిరి. ఆ కణములకు పాత దుబాసులు కొన్ని లేవు; కావున పాత భాషలో వ్రాయబడిన వైరసులు వానిలో వృద్ధిపొందలేక పోయినవి. ఇట్టి కృత్రిమజీవులు ప్రయోగశాల దాటినచో ఏమగునను భయము సహజమైనదే. దానికి సమాధానముగా 2015లో చర్చ్, ఐజక్స్ బృందములు వేర్వేరుగా, మనుష్యుడు అందించు అసాధారణ ఆమ్లము లేనిచో బ్రదుకజాలని సూక్ష్మజీవులను సిద్ధపరచినవి. ఇదియు ఒక కావలియే.

7. మరల మన సీమకు

కణముచే కోరిన ప్రోటీనును చేయించు విద్య తెలుగుదేశమునకు కొత్తది కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్టు కణములచే హెపటైటిస్-బి టీకా ప్రోటీనును చేయించి విపణికి తెచ్చినది. అది పాత ఇరువది అక్షరములతో వ్రాసిన కొత్త వాక్యము. కొత్త అక్షరములతో వ్రాయుటకు ముందు, పాత అక్షరములు ఎట్లు కాపాడబడుచున్నవో తెలియవలెను. ఆ పాఠమును చెప్పినవారిలో హైదరాబాదు కేంద్రమువారు ముఖ్యులు. డి రూపములను ప్రోటీనులో చేర్చదలచిన వారెవరైనను డి.టి.డి. యను కావలిని లెక్కింపక తప్పదు.

పట్టు విషయమునను ఈ విద్య ప్రవేశించినది. జపానులో తెరమోతో, కొజిమా మొదలగువారు 2014 మొదలుకొని 2018 వరకు ప్రకటించిన పరిశోధనలలో, సింథటేజ్‌ను మార్చిన పట్టుపురుగులకు అసాధారణ ఆమ్లమును మేతతో కలిపి యిచ్చి, ఆ ఆమ్లము చేరిన పట్టును తీసిరి. అందు అజైడ్ అను రసాయనకొక్కెమున్న పట్టునకు కోరిన రంగుపదార్థమును గట్టిగా తగిలింపవచ్చును. ఇది కౌవీ, కోహెన్‌ల మార్గమునకు సంతతి, అనగా ఆదేశమే. కాని నేతవాని చేతికి వచ్చు దారమునే ఈ చరిత్ర తాకినదని దీనివలన తెలియుచున్నది.

కడపట పరిభాషను గూర్చి ఒక మనవి. ప్రోటీనునకు మన పాఠ్యగ్రంథములలో మాంసకృత్తు అను పేరు చిరకాలము నిలిచినది. మాంసముతో సంబంధము లేని పట్టునకు ఆ పేరు పొసగదు. అట్లే ఇరువదికి వెలుపలి ఆమ్లములను అసహజములని చెప్పుటయు తగదు. సెలెనోసిస్టీన్ మన శరీరముననే యున్నది. డి-అలనీన్ సూక్ష్మజీవి గోడలోనే యున్నది. అసహజమన్న పేరు పెట్టినంతనే, ప్రకృతి ఒకవైపునను మానవుడు మఱొకవైపునను నిలిచిన యుద్ధకథ తనంతట పుట్టును. కాపలా కథ మరుగున పడును. అసాధారణ ఆమ్లములని వ్యవహరించుట వాస్తవమునకు దగ్గర. శాస్త్రగ్రంథములను తెలుగున వ్రాయువారును, వానిని పరిశీలించు విద్యార్థులును ఈ పేరును ఆలోచింతురుగాక.